నెయ్యి కోసం ఆగిన బూరె

"ఏమర్రా, 'మీ మాట విన్నాం' అని పెద్దవాళ్ళెవరైనా మీతో అంటే దానికి అర్థం ఏమిటి?" అని రత్నావళి మామ్మ మనవల్ని అడిగింది.

ఆవిడ టీచరు ఉద్యోగం నుంచి రిటైరై చాలా ఏళ్ళయింది. అయినా ఏ సంగతి చెప్పాలన్నా ముందు ఒక ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా కళ్ళజోడు పైనుంచి చూస్తూ ఆగడం ఆవిడ మానుకోలేదు.

"విన్నారని" అన్నాడు చిన్నవాడు తేజు.

"ఇంక నోరు మూసుకోమని" అంది పెద్దది మంజీర.

"ఇద్దరికీ చెరి సగం మార్కులు" అంది మామ్మ.

వీధిలోంచి అప్పుడే మైకు ఆటో వెళ్ళింది. మురుగుకాలువ గురించి ఆదివారం ప్రజాభిప్రాయ సేకరణ ఉందట, అందరూ తప్పక రావాలట. పోయినేడూ ఇలాగే సేకరించారు, సేకరించినదంతా ఎక్కడ దాచారో అని ఇంట్లో వాళ్ళంతా నవ్వుకున్నారు. మామ్మ మాత్రం నవ్వకుండా పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని పైడినాయుడి సంగతి మొదలుపెట్టింది.

జోగినాథం గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మాయ అంటే ఏమిటండీ అని అడిగిన శిష్యుణ్ణి, ముందు ఆ దూడని కట్టేసి రమ్మని పంపారు. వాడు పొద్దుగూకేదాకా దూడ వెనక పరిగెత్తి, బురదతో తిరిగొచ్చి, మాయ గురించి మళ్ళీ జన్మలో అడగలేదు. అందుకని ఆయన శిష్యులు కాళ్ళలో సత్తువ ఉన్న రోజునే సందేహాలు పెట్టుకునేవారు.

ఆ శిష్యుల్లో ఒకడైన పైడినాయుడికి వచ్చిన సందేహం అలా వాయిదా వేసుకునేది కాదు. వాళ్ళ ఊరు గెడ్డవలస, కాలువకి చిట్టచివర. పైన తూము తలుపు విరిగిపోయి, వచ్చిన నీళ్ళన్నీ ఎగువ పొలాలకే మళ్ళిపోయేవి. ఏటా ఆకుమళ్ళు పోసే వేళకి ఊళ్ళోకి జీపు వచ్చేది. షామియానా వేసేవారు. ఆఫీసరుగారు మైకు పట్టుకుని, మీ కష్టం మీ నోటితోనే చెప్పండి అనేవారు. జనం చెప్పేవారు. ఆయన తల ఊపేవారు. ఎంత శ్రద్ధగా ఊపేవారంటే, చెప్పినవాడికి సగం నీళ్ళు అప్పుడే వచ్చేసినట్టు ఉండేది. చివరికి "మీ విలువైన అభిప్రాయాలు స్వీకరించాం, మీ అందరి మాటా పైకి చేరవేస్తాం" అని, నిమ్మకాయ సోడా తాగి వెళ్ళిపోయేవారు. షామియానా కూడా ఆయన వెనకే బండెక్కేది. తూము తలుపు మాత్రం విరిగింది విరిగినట్టే ఉండిపోయేది.

మళ్ళీ సోమవారం సభ ఉందని కబురొచ్చింది. ఈసారి ఆకుమడి ఎండిందంటే ఊళ్ళో సగం ఇళ్ళు తాళాలేసుకుని కూలికి వలసపోవడమే. ఆ తాళాల్లో మొదటిది పైడినాయుడి చిన్నాన్న అప్పలస్వామి ఇంటికి పడుతుంది. గురువుగారి ఆశ్రమంలో గురుపూజ భోజనాలకని వచ్చిన అప్పలస్వామి, అన్న కొడుకుని పక్కకి పిలిచాడు.

"ఒరే పైడీ, ఊళ్ళో సదువుకున్నోడివి నువ్వొక్కడివే. నువ్వెల్లమంటే సభకెల్తాం. వొద్దంటే ఇంటికాడ తొంగుంటాం. బోజనాలయ్యేసరికి ఏదో ఓ మాట సెప్పీ. అక్కడందరూ కనిపెట్టుకునున్నారు."

పైడినాయుడి దగ్గర మాట సిద్ధంగానే ఉంది. ఎవరూ వెళ్ళకూడదు. ఖాళీ కుర్చీలని చూసి ఆఫీసరుకే సిగ్గు రావాలి. అయినా ఊరందరి తిండికి సంబంధించిన సంగతి కదా, గురువుగారి చెవిన వేసి చెబుదామని వంటసాలకి వెళ్ళాడు. గురువుగారు మొదటి వాయి బూరెల్ని దీక్షగా చూస్తున్నారు.

"గురువుగారూ, వినడానికే తప్ప చెయ్యడానికి రాని వాళ్ళకి మన గోడు చెప్పుకోవడం ఎందుకండీ? ఇంట్లో కూర్చుంటే మర్యాదైనా దక్కుతుంది కదా?"

గురువుగారు బూరె మీంచి చూపు తిప్పలేదు. "ఇవాళ పంక్తి విచారణ ఎవరిది?"

"పరదేశిదండి."

"వాణ్ణి చారు చూసుకోమను. నువ్వెళ్ళు."

ఆ ఆశ్రమంలో వడ్డనకి ఒక పద్ధతి ఉంది. ఒకడు చేతులు కట్టుకుని ముందు నడుస్తాడు. ఒక్కొక్క విస్తరి దగ్గరా వంగి, ఏం కావాలి తల్లీ, ఏం కావాలి బాబూ అని అడుగుతాడు. గిన్నెలూ గరిటెలూ పట్టుకున్నవాళ్ళు వాడి వెనక వస్తారు. అడిగేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూశాడంటే, గిన్నెలో ఎంతుందో చూసుకుని దాన్ని బట్టి అడుగుతున్నాడని అతిథి నొచ్చుకుంటాడని వాళ్ళ నమ్మకం. ఇంత మర్యాద గల పద్ధతిలో చిక్కు ఎక్కడొస్తుందో అంతవరకూ ఎవరూ ఆలోచించలేదు.

పాకలో జనం బారులు తీరి కూర్చున్నారు. అడ్డాకు విస్తళ్ళలో అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు పడ్డాయి, వేడివేడి బూరెలూ పడ్డాయి. నెయ్యి లేకుండా బూరె తినేవాడు ఆ పంక్తిలో లేడు. బొటనవేలితో బూరె నడినెత్తిన కన్నం పెట్టి అందరూ సిద్ధంగా ఉన్నారు. పైడినాయుడు చేతులు కట్టుకుని బయల్దేరాడు.

"ఏం కావాలి బాబూ?"

"నెయ్యి."

"ఏం కావాలి తల్లీ?"

"నెయ్యే నాయనా, ఇంకేటి గావాల!"

వరస మధ్యలో సన్యాసమ్మ అనే ముసలామె కూర్చుంది. "రెండు బూరెలేసేరు, రెంటికీ కన్నాలెట్టేను. అంచుదాకా పొయ్యమను" అంది.

"వెనకే వస్తోందమ్మా" అన్నాడు పైడినాయుడు.

అలా అడుగుతూ పోతుంటే వాడికి హాయిగా ఉంది. అందరూ తలెత్తి చూస్తున్నారు, నోరారా చెబుతున్నారు. ప్రతివాడి మాటకీ వాడు తల ఊపుతున్నాడు. తానింత మంచివాడని వాడికి అంతవరకూ తెలియలేదు. పంక్తి చివరికి చేరాక, నిండు మనసుతో వెనక్కి తిరిగి చూశాడు.

వెనక ఎవరూ లేరు. బూరెలన్నీ నోళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాయి.

వంటసాలకి పరిగెత్తాడు. గురువుగారు గడపకి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒళ్ళో నేతిగిన్నె ఉంది. వడ్డించేవాళ్ళు ఆయన వెనక దిక్కులు చూస్తూ నిలబడ్డారు.

"ఏమన్నారు?" అని గురువుగారు అడిగారు.

"నెయ్యి కావాలన్నారండి."

"అందరూనా?"

"ఒక్కరు విడవకుండానండి."

"బాగా అడిగావు. మరోసారి అడిగి రా."

"అడగడం అయిపోయింది కదండీ!"

"ఈలోగా మనసు మార్చుకున్నారేమో, మనకేం తెలుసు?"

గురువాజ్ఞ. పైడినాయుడు మళ్ళీ పంక్తి మొదటికి వచ్చాడు.

"ఇందాకే సెప్పేం గదా నాయనా!" అంది మొదటి విస్తరి.

"నెయ్యిరా. పసుప్పచ్చగా ఉంటాది. ఆవు పాల్లోంచొస్తాది" అన్నాడు పక్కవాడు, పసిపిల్లాడికి పాఠం చెబుతున్నట్టు.

"మొదటిసారి అడిగింది సెవికెక్కలేదేటి?" అన్నాడు మూడోవాడు.

అప్పలస్వామి అయితే పంక్తంతా వినేలా అరిచాడు. "ఏరా పైడీ, రాసుకున్నావా? పోనీ సోడా తెమ్మంటావా?"

పాకంతా ఘొల్లుమంది. పైడినాయుడికి చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి అనాలి కదా అని, "మీ అందరి మాటా పైకి చేరవేస్తానండి" అన్నాడు. అనేశాక ఆ మాట తన చెవికే ఎలాగో వినిపించింది. సరిగ్గా ఆ మాటనే, సరిగ్గా ఆ గొంతుతోనే, వాడు వాళ్ళ ఊళ్ళో షామియానా కింద విన్నాడు.

గడప దగ్గర గురువుగారు అలాగే కూర్చుని ఉన్నారు.

"తిడుతున్నారండీ! ఆ గిన్నె ఇలా ఇవ్వండి, నేనే వడ్డిస్తాను."

"అడిగేవాడి చేతికి గిన్నె ఇవ్వడం మన పద్ధతి కాదు కదా నాయనా. వెళ్ళు, అడిగి రా. కాస్త మెత్తగా అడుగు."

మూడోసారి ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని వాడికి అనిపించింది. వంగి అడిగితే మొహాలు పక్కకి తిప్పుకున్నారు. చాలామంది కన్నం పెట్టిన బూరెని నెయ్యి లేకుండానే నమిలేస్తున్నారు. అప్పలస్వామి చివరి ముక్క మింగి, నీళ్ళు తాగి, చుట్టూ ఉన్నవాళ్ళకి హితవు చెప్పాడు.

"ఎవులూ మాటాడకండర్రా. అడిగి అడిగి ఆడే సిగ్గుపడతాడు. లెగండి, పోదాం." అని విస్తరి మడిచి లేచాడు. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు మడిచారు. చూస్తూండగా సగం పంక్తి లేచింది.

పైడినాయుడు నిలుచున్న చోటే నిలబడిపోయాడు. భోజనాలయ్యాక చిన్నాన్నకి చెబుదామనుకున్న సలహా అదే. చిన్నాన్న దాన్ని అడక్కుండానే పాటించేశాడు. సిగ్గు మాత్రం నిజంగానే వేస్తోంది. కానీ ఆ సిగ్గులోంచి ఒక్క చుక్క నెయ్యి కారలేదు.

ఏదోలా వరస ముగించి తప్పించుకుందామని నాలుగడుగులు వేసేసరికి, భుజం మీద తువ్వాలు వెనక్కి లాగింది. సన్యాసమ్మ దాని కొస పట్టుకుంది. ఆమె విస్తరిలో రెండు బూరెలూ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"నెయ్యి" అంది.

"అమ్మా, నా చేతిలో లేదమ్మా."

"నీ సేతిలో నేదని నాకు కనబడతన్నాదిలే. ఎవుల సేతిలో ఉన్నాదో ఆల్ని కేకెయ్యి."

"ఇదిగో, ఇప్పుడే వెళ్ళి చెబుతాను."

"ఎల్లక్కర్నేదు. ఇక్కడ్నుంచే కేకెయ్యి." అని తువ్వాలుని పిడికిలికి ఒక చుట్టు చుట్టుకుంది.

"ఎంగిలి చెయ్యి అమ్మా!"

"ఉతుక్కో."

పైడినాయుడు లాగాడు. ఆమె వదల్లేదు. మెల్లగా లాగాడు, బతిమాలుతూ లాగాడు. ఆమె ఇంకో చుట్టు చుట్టింది. తువ్వాలు వదిలేసి పోదామా అంటే అది గురువుగారు పెట్టిన బట్ట. లేచినవాళ్ళంతా పోకుండా ఆగి, మడిచిన విస్తళ్ళు చేత్తో పట్టుకుని తమాషా చూస్తున్నారు. ఇంక లాభం లేదని, వాడు వంటసాల వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు.

"గురువుగారండోయ్! నెయ్యి తెప్పించండి! ఈవిడ నన్ను కదలనివ్వడం లేదు!"

గడప మీద కాళ్ళు ముడుచుకున్నాయి. గురువుగారే నేతిగిన్నె పట్టుకుని గబగబా నడిచొచ్చారు. సన్యాసమ్మ బూరెలు రెండూ నిండి, నెయ్యి విస్తరి మీదికి పొర్లింది. కమ్మటి వాసన పాకంతా కమ్ముకుంది. ఆమె తువ్వాలు వదిలేసి, ఎవరితోనూ మాట్లాడకుండా తినడంలో పడింది.

"ఇంకెవరికి?" అని గురువుగారు పంక్తిని అడిగారు. గిన్నె ఇంకా నిండుగానే ఉంది.

కూర్చున్నవాళ్ళ బూరెలు అప్పటికే కడుపులో ఉన్నాయి. లేచినవాళ్ళ చేతుల్లో మడిచిన విస్తళ్ళు ఉన్నాయి. మడిచిన విస్తరిలో మళ్ళీ వడ్డించడం ఎక్కడా లేదు. అప్పలస్వామి గిన్నె వంక చూశాడు, చేతిలో విస్తరి వంక చూశాడు.

"గురువుగారూ, నాను సగమే మడిచేనండి" అన్నాడు.

ఈసారి పాకలో నవ్వనిది అతనొక్కడే.

చేతులు కడుక్కునే చోట అప్పలస్వామి అన్న కొడుకుని పట్టుకున్నాడు. "ఊళ్ళో ఏటి సెప్పమంటావురా మరి?"

పైడినాయుడు తువ్వాలు కొస మీద పసుపు మరక ఉతుక్కుంటున్నాడు. వాడు పొద్దున్న సిద్ధం చేసుకున్న మాట వాడి నోటికి రాలేదు.

"అందర్నీ రమ్మను చిన్నాన్నా. నేనూ వస్తాను. ఆఫీసరు సోడా తాగేసి జీపెక్కేదాకా చూస్తూ కూర్చోవద్దని కూడా చెప్పు."

అప్పలస్వామి తడిచెయ్యి పంచెకి తుడుచుకున్నాడు. "రమ్మంటే వొస్తారు. గానీ ఆ ఆపీసరు బాబులు పేంట్లూ సొక్కాలూ ఏసుకొస్తారు. ఆల్లకి తువ్వాళ్ళుండవు. ఏటి పట్టుకోమంటావు ఆల్లని?"

ఇద్దరూ గురువుగారి వైపు చూశారు. ఆయన నేతిగిన్నె అడుగున ఇంత అన్నం వేసి, శ్రద్ధగా కలుపుకుంటున్నారు.

"ఏం పట్టుకోవాలో సన్యాసమ్మకి నేను చెప్పానా?" అన్నారు గురువుగారు.

మామ్మ అక్కడితో ఆపేసింది.

"అయితే వాళ్ళు ఏం పట్టుకున్నారు మామ్మా?" అంది మంజీర.

మామ్మ కళ్ళజోడు పైనుంచి దాని వంక ఒకసారి చూసి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "సగం చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యనేలేదు" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.