రెండుసార్లు తట్టిన రొట్టె

తుంగభద్ర దగ్గర ఒక మఠంలో జాతరకు ఎనిమిది రోజులుంది. వచ్చే జనానికి మూడు వేల జొన్నరొట్టెలు కావాలి. ముందే కాల్చి, ఆరబెట్టి, గంపల్లో పేర్చుకోవాలి. మఠం పెద్ద మరిస్వామి ఆ పని తన శిష్యుడు చెన్నవీరప్పకు అప్పగించాడు. సాయానికి ఊళ్లోంచి ఇరవైమంది ఆడవాళ్లు వచ్చారు.

మూడోరోజు సాయంత్రానికి గంపల్లో ఉన్నవి నాలుగు వందలు.

చెన్నవీరప్ప పనిదొంగ కాదు. అదే వచ్చిన చిక్కు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఈరమ్మవ్వ రొట్టె తట్టి పెనం మీద వేయబోతే, "అంచు మందంగా ఉంది అవ్వా" అంటూ లాక్కొని, మళ్లీ ముద్ద చేసి తానే తట్టేవాడు. ఈరమ్మవ్వకు డెబ్భై ఏళ్లు. ఆమె చేతి రొట్టెలు తిని పెరిగినవాళ్లకు ఇప్పుడు మనవలున్నారు.

పిండి కలిపినా అంతే, పొయ్యిలో కట్టె పెట్టినా అంతే. "జరగండి, నేను చేస్తా" అనడమే. పాపం, వాళ్లూ జరిగారు. జరిగి జరిగి వసారాలో చేరి, కాళ్లు చాపుకొని వక్కాకు నములుతూ ఊరి సంగతులు చెప్పుకోసాగారు. నాలుగో రోజు తొమ్మిదిమందే వచ్చారు.

చెన్నవీరప్ప చేతులు బొబ్బలెక్కాయి. పిండి చేతులతోనే స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"ఈళ్లతో నావల్ల కాదు స్వామీ. ఒళ్లు వంచరు. చెప్తే గాని కదలరు. పని చేసే మనుషుల్ని పిలిపీండి. లేకుంటే జాతరనాడు జనం పస్తుంటారు."

ఆ చివరి మాట బెదిరింపు కాదు. నిజంగానే భయపడుతున్నాడు.

"సరేప్పా" అన్నాడు మరిస్వామి. "రేపు పొద్దున నా గది ఊడ్చేదానికి రా. చూద్దాం."

పొద్దున చెన్నవీరప్ప గది ఊడ్చాడు. స్వామి అతని చేతిలోని చీపురు తీసుకొని, ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చాడు.

"దుమ్ము పోలేదా స్వామీ?"

"పోయింది. అయినా నా చేత్తో ఊడిస్తే నాకొక నిమ్మళం."

శిష్యుడు పంచె ఉతికి ఆరేశాడు. స్వామి దాన్ని తీసి, తడిపి, పిండి, పక్క తాడు మీద ఆరేశాడు. శిష్యుడు పూజకు పత్రి కోసుకొచ్చాడు. స్వామి దాన్ని ఆవుకు పెట్టి, అదే చెట్టు దగ్గరికి పోయి మళ్లీ కోసుకొచ్చాడు. ఆవు మాత్రం సంతోషించింది. చివరికి శిష్యుడి నుదుటనున్న విభూతిని కూడా తుడిచి, అవే మూడు గీతలు అదే చోట పెట్టాడు.

ఎండ బాగా ఎక్కాక, "బానలో నీళ్లు పొయ్యప్పా" అన్నాడు స్వామి. చెన్నవీరప్ప బావి దాకా కాళ్లీడ్చుకుంటూ పోయి, అరబిందె తెచ్చి గుమ్మరించి, గోడకు చేరగిలబడ్డాడు.

"బాన నిండలేదే?"

"నింపి ఏం లాభం స్వామీ? ఎట్లాగూ మీరు పారబోసి మళ్లా పోస్తారు గదా."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

స్వామికి కోపం రాలేదు. "నువ్వు పనిమంతుడివనుకొంటి. ఒక్క పూటలో ఇంత సోమరివి ఎట్లయితివప్పా?" అన్నాడు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

చెన్నవీరప్ప బొబ్బలెక్కిన తన చేతుల కేసి చూసుకున్నాడు. తర్వాత లేచి వసారాలోకి వెళ్లి ఈరమ్మవ్వ ముందు నిలబడ్డాడు.

"అవ్వా, నేనేం చెయ్యాల్నో నువ్వే చెప్పు."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "పోయి కట్టెలు చీల్చు. మా దిక్కు తిరగొద్దు."

అతను వీపు తిప్పుకొని కట్టెలు చీల్చాడు. మర్నాటికి ఇరవైమందీ వచ్చారు. వెనక రొట్టెలు తట్టే చప్పుడు, నవ్వులు. మధ్యలో ఒక దెబ్బ కాస్త మెత్తగా వినబడితే అతని ప్రాణం గిలగిల్లాడేది. గొడ్డలి ఇంకా గట్టిగా పట్టుకునేవాడు. మిగిలిన మూడు రోజుల్లో అతను చీల్చిన కట్టెలు మఠానికి ఏడాది సరిపోతాయి.

జాతరనాడు జనం కడుపునిండా తిన్నారు. అందరి తర్వాత మరిస్వామి పంక్తిలో కూర్చున్నాడు. చెన్నవీరప్ప గంపలోంచి తీసి వడ్డించిన రొట్టె ఒక పక్క మందం, అంచు రెండుచోట్ల చీలింది. స్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు తట్టినారప్పా దీన్ని?"

చెన్నవీరప్ప ఆ రొట్టె కేసి చూశాడు.

"తెలీదు స్వామీ."

స్వామి రొట్టె తుంచి, వంకాయకూర అద్దుకొని, నెమ్మదిగా నమిలాడు.

"ఇంకొకటి వెయ్యి."