గంగిని ఇవ్వనన్న చెంగమాంబ

అనగా అనగా, వానమబ్బు దారి తప్పితే తప్ప రాని ఒక మెట్ట రాజ్యం. దాన్ని రుద్రభూపతి అనే రాజు ఏలుతుండేవాడు.

కరువు మీద కరువు వచ్చింది. ఆవులు ఎదకు రావడం మానేశాయి. దొడ్లలో దూడల అరుపే లేకుండా పోయింది.

రాజుకు కోపం వచ్చింది. "ఈ ఆవుల రక్తమే చెడింది. చూలు కట్టనివాటిని కటికవాళ్ళకు తోలండి. ఏటి ఒడ్డు దేశం నుంచి మేలుజాతి ఆవుల్ని తెప్పిస్తాను" అని చాటింపు వేయించాడు.

భటులు ఊరూరా తిరిగి గుట్ట కింద చెంగమాంబ దొడ్డికి వచ్చారు. భర్త పోయాక ఆ మందనంతా ఒంటిచేత్తో సాకుతున్న మనిషి ఆమె. గంగి అనే ఎర్రావు మెడకు పలుపు వేయబోతే, చెంగమాంబ వాకిలికి అడ్డంగా నిలబడింది.

"పలుపు తియ్యి. నా గంగి ఎక్కడికీ రాదు."

"రాజాజ్ఞ, తల్లీ!"

"అయితే ఆ రాజునే రమ్మను."

రాజు నిజంగానే వచ్చాడు. చెంగమాంబ తల దించలేదు.

"ప్రభూ, దీని కడుపుకు గడ్డే లేదు. ఆకలి కడుపు ఎట్లా పండుతుంది? తప్పు రక్తానిది కాదు, మేతది."

"అంత ధీమానా? ఏడాది గడువిస్తున్నాను. నా మేలుజాతి ఒకవైపు, నీ బక్క ఆవులు ఒకవైపు. ఎవరివి ఎక్కువ చూలు కడతాయో చూద్దాం. ఓడితే మంద నాది. నువ్వు పొలిమేర దాటాలి."

"దాటుతాను" అంది చెంగమాంబ.

ఏటి ఒడ్డు ఆవులు వచ్చాయి. తెల్లగా, ఏనుగుల్లా ఉన్నాయి. "మంచి రక్తం ఎక్కడైనా పండుతుంది" అంటూ రాజు వాటిని రాళ్ళగుట్ట మీదికి వదిలాడు. ఎండకు రొప్పాయి. డొక్కలు తేలాయి. ఒక్కటీ చూలు కట్టలేదు.

చెంగమాంబ తన నగలమ్మి బావి తవ్వించింది. పచ్చజొన్న వేసింది. తౌడు కలిపిన కుడితి పెట్టింది. నీడకు పందిరి కట్టింది. గంగి చూలు కట్టింది. దాని అక్కచెల్లెళ్ళూ కట్టాయి. కానీ మందలోని ఒక నల్లావు సంతానం మాత్రం తిని బలిసిందే గానీ చూలు నిలవలేదు. వాటి తల్లీ, తల్లి తల్లీ అంతే. ఎప్పుడో ముసలితనంలో ఒక్క ఈత.

గడువు ముగిసింది. "పక్కూరి చూలావుల్ని తెచ్చి కలిపేద్దాం, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఆమె మరిది.

"నాకు తెలుస్తుంది" అంది చెంగమాంబ.

కొలువులో రాజు నవ్వాడు. "మేత చాలన్నావు. మరి ఆ నల్లవాటి సంగతేమిటి?"

"నా మాట సగమే నిజం, ప్రభూ. మేత పెట్టినా వంశంలో లేనిది రాలేదు. నా తప్పు ఒప్పుకుంటున్నాను. మీ మాటా సగమే నిజం. అది మీరు ఒప్పుకుంటారా?"

రాజు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. చెంగమాంబ అడుగు వెనక్కి వేయలేదు.

"నన్ను చంపితే మీ తెల్లావులు ఈనుతాయా?"

రాజు కత్తి మీది చెయ్యి తీశాడు. "ఇప్పుడేం చెయ్యమంటావు?"

"పాత కరువుల్లోనూ ఈనిన తల్లుల బిడ్డల్ని ఏరండి, మీ మందలోనివైనా, మా మందలోనివైనా. వాటికి కడుపునిండా మేత, నీళ్ళు, నీడ ఇవ్వండి. తక్కినవాటిని కటికవాడికి కాదు, కాడికి కట్టండి."

రాజు తన చాటింపు తానే రద్దు చేశాడు. ఆమె చెప్పినట్టే ఏరారు, మేపారు. మరుసటేడు దొడ్డిదొడ్డిలోనూ దూడలు గంతులేశాయి. రాజు వాటిని చూడవచ్చి, మొదటిసారి చెంగమాంబకు తానే ముందు నమస్కరించాడు.

పిల్లలూ, మంచి పుట్టుకకు మంచి పెంపకం తోడైతేనే ఫలం దక్కుతుంది. ఆ నిజం రాజు ముందైనా, మన తప్పు ఒప్పుకునైనా సరే, చెప్పి తీరాలి.