పదమూడు దగ్గర ఆగిన మాంత్రికుడు

రండి పిల్లలూ, దగ్గరగా జరగండి. గోడకు ఆనుకున్న తాతగారూ, మీరూ రండి. విఘ్నేశ్వరుడికి ఒక్క దండం పెట్టి వినండి.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ ఏడు సముద్రాల అవతల ఉన్న కరాళుడనే మాంత్రికుడి కోటకు వెళ్ళి రాళ్ళైపోయారు. అన్నల్ని తెస్తానని చిన్నవాడు సుమేధుడు బయలుదేరాడు. దారిలో ఒక చీమల దండు వరదలో కొట్టుకుపోతుంటే, తలపాగా విప్పి దండునంతా అందులోకి ఎక్కించుకున్నాడు. అలా ఏడు సముద్రాలూ దాటాడు.

కోట ముంగిట ఎటుచూసినా చిలకలే. వాటికి జామపండ్లు వేస్తూ హేమరేఖ అనే రాకుమారి, మాంత్రికుడి బందీ.

"ముప్పైవేల ముప్పైఒక్క చిలకలు!" అన్నాడు కరాళుడు. "సమానంగా వరసలు కట్టు. ఒంటి చిలక వరస కాదు, అన్నీ ఒకే బారూ కాదు. మిగిలిపోయే చిలకలోనే నా ప్రాణం. ఏదీ మిగలకపోతే నేను చస్తాను. మిగిలితే నువ్వు రాయివి. మూడు రోజుల గడువు, ఒక్కటే అవకాశం. మీ పెద్దన్న రెండేసి నిలిపాడు, ఒకటి మిగిలింది. చిన్నన్న మూడేసి నిలిపాడు, ఒకటి మిగిలింది."

"ఎందుకు మిగులుతోంది?"

"రెండుని మూడుతో, ఐదుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో హెచ్చవేశాను. పైన ఒక్క చిలకని కలిపాను. ఇక అది ఏ లెక్కకీ లొంగదు!"

"పదమూడు తర్వాత చూశావా?"

"చూడాలా ఏమిటి?" అని నవ్వాడు మాంత్రికుడు.

సుమేధుడు ఇసుకలో తలపాగా పరిచాడు. చిలకలెన్నో అన్ని చీమలు బయటికొచ్చాయి. కొలతగాళ్ళు ధాన్యం కొలిచినట్టు, ఒకటికి బదులు లాభం అంటూ, లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. పదిహేడేసి నిలిపితే తొమ్మిది మిగిలాయి. పంతొమ్మిదేసి నిలిపితే పదకొండు మిగిలాయి.

"ఇరవై చూద్దామా నాయనా?" అంది చీమలరాణి.

"వద్దు తల్లీ. రెండుకి లొంగనిది ఇరవైకి లొంగుతుందా? ఇరవైమూడు చూద్దాం."

ఇరవైమూడూ కాలేదు. ఇరవైతొమ్మిదీ కాలేదు. రెండు రోజులు గడిచాయి.

"చీమలతో ఆడుకో నాయనా, రేపటికి రాయివే!" అని కరాళుడు వెక్కిరించాడు.

"ఆరు కాళ్ళూ నొప్పులే," అంది రాణి.

"ఇంకొక్కసారి, తల్లీ."

మూడోనాడు యాభైమూడేసి నిలిపితే ముప్పైమూడు మిగిలాయి. యాభైతొమ్మిదేసి నిలిపాడు. ఒక్క చీమా మిగల్లేదు!

సుమేధుడు చెప్పినట్టే హేమరేఖ జామపండ్లు వరసకి యాభైతొమ్మిదేసి పెట్టి పిలిచింది. చిలకలు బిలబిలా వచ్చి వాలాయి. ఐదువందల ఎనిమిది వరసలు నిండాయి. చివరి వరసలో ఒక్క పండు దగ్గర చోటు ఖాళీ. గాలిలో ఒక్క చిలక.

"రావద్దే! వాలొద్దే!" అని అరిచాడు మాంత్రికుడు.

చిలకకి ఆకలి. వాలింది. మిగిలిన చిలకంటూ లేక, ప్రాణానికి చోటు లేక, కరాళుడు బూడిదకుప్పైపోయాడు. రాళ్ళు కదిలాయి. "తమ్ముడూ!" అంటూ అన్నలిద్దరూ పరిగెత్తుకొచ్చారు.

సుమేధుడికీ హేమరేఖకీ పెళ్ళయింది. ఆ పెళ్ళిలో మొదటి విస్తరి చీమలకే. ఆ దేవుడి దయవల్ల వాళ్ళు చాలా కాలం చల్లగా ఏలారు.

పిల్లలూ, ఒక్కటి గుర్తుంచుకోండి. మాంత్రికుడు పదమూడు దగ్గర ఆగాడు, మన చిన్నవాడు ఆగలేదు. ఇంటికి వెళ్ళి అమ్మకి ఆ ఒక్క ముక్క చెప్పండి. రేపు మీ లెక్క ఎక్కడైనా తెగకపోతే, మీరూ ఇంకొక్కసారి చూడండి.