గోడ మీద గాజులామె

శ్రీశైలానికి కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. కుంచె పట్టుకుంటే చాలు, పంచాయతీ గోడ మీద తాను వేసిన బొమ్మే కళ్లముందు ఆడుతోంది.

అతను నకాషీ బుచ్చిరాములు శిష్యుడు. గుడ్డ మీద కులపురాణాలు బొమ్మలుగా వేయడం వాళ్ల పని. ఆ పనిలో మొదటి పాఠం ఏమిటంటే, అక్షరం ముక్క రానివాడు కూడా దూరం నుంచి చూసి ఫలానా మనిషని పోల్చుకోవాలి. అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు పెడతారు.

కరోనా ఊరిమీద పడ్డప్పుడు సర్పంచి శ్రీశైలాన్ని పిలిపించాడు. ఒకరినొకరు తాకొద్దని ఎంత చాటింపు వేయించినా ఎవరూ చెవిన పెట్టడం లేదు, బొమ్మ వేసి చూపించమన్నాడు.

తాకడమంటే ఏం గీయాలి? శ్రీశైలం బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఇంటింటికీ వెళ్లి చేతులు పట్టుకునేది గాజులమ్మే మనిషే కదా. ఇంకేం, దొరికింది. గాజులు తొడిగే ఆడమనిషిని గీశాడు. ఆమె వేళ్లలోంచి ఎర్రటి పురుగులు ఎదుటి చేతిలోకి పాకుతున్నాయి. జనం పోల్చుకోవాలని భుజాన గాజుల మలారం, నుదుట పచ్చబొట్టు, పెద్ద ముక్కుపుడక పెట్టాడు.

బొమ్మ బ్రహ్మాండంగా కుదిరింది. ఊరు జడుసుకుంది. చేతులు కడుక్కున్నారు, ఎడంగా నిలబడ్డారు. బుచ్చిరాములు కూడా వచ్చి చూసి, "చెయ్యి తిరిగింది బిడ్డా" అన్నాడు. శిష్యుడు పొంగిపోయాడు.

పిల్లలు మాత్రం ఆ గోడ దగ్గర ఆగి, "మల్లవ్వ" అన్నారు.

ఊళ్లో గాజులమ్మేది మల్లవ్వ ఒక్కతే. ఆమెకు జబ్బు రాలేదు, ఆమె ఎవరికీ అంటించలేదు. అయినా ఆమె మొగుడు ఎండదెబ్బకు పడిపోతే ఆటో ఎక్కించడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. మనిషి వాకిట్లోనే పోయాడు.

మహమ్మారి వెళ్లిపోయింది. బడి తెరిచారు, పెళ్లిళ్లు మొదలయ్యాయి. పెళ్లిపిల్లకు కూడా గాజులు పట్నం నుంచే తెప్పిస్తున్నారు. మల్లవ్వ పస్తులుంటోందని విని శ్రీశైలం గురువు ముందు కూలబడ్డాడు.

"నేనేం తప్పు జేసిన అయ్యా? మీరు నేర్పినట్టే గీసిన."

"అవు బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు. "నేను నేర్పినట్టే గీసినవు."

ఆ మాటతో శ్రీశైలానికి ఇంకా దిగులైంది. గురువు తిట్టినా బాగుండేది.

"చెరిపేస్తే మరిచిపోతరు గద అయ్యా?"

బుచ్చిరాములు లేచి బకెట్లో నీళ్లు, ఒక పాతగుడ్డ తెచ్చాడు. ఇద్దరూ పంచాయతీ గోడ దగ్గరికి వెళ్లారు. శ్రీశైలం ఒళ్లు దాచుకోకుండా రుద్దాడు. వసారా గోడ కాబట్టి ఇన్నాళ్లూ వాన తగల్లేదు గానీ, జిగురు కలిపిన రంగులు కావడంతో నీళ్లకు కరిగి కారిపోయాయి. ముఖం పోయింది, మలారం పోయింది. ఎరుపు కాస్త మొండికేసి, చివరికి అదీ వదిలింది.

"ఇగ ఏం లేదయ్యా," అన్నాడు శ్రీశైలం. గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

గురువు బకెట్ పట్టుకుని పక్క వాడలోకి నడిచాడు. శిష్యుడు వెనకాలే వెళ్లాడు.

అక్కడ మల్లవ్వ ఒక ఇంటి ముందు నిలబడి "గాజులమ్మా" అని పిలుస్తోంది. లోపలి నుంచి చిన్నపిల్ల ఒకతె వచ్చి, ముచ్చటపడి చెయ్యి చాపింది. మల్లవ్వ ఆ చెయ్యి అందుకుని సైజు చూస్తోంది. తల్లి పరుగున వచ్చి పిల్ల వీపున ఒక్కటేసి, లోపలికి లాక్కుపోయి తలుపు వేసుకుంది. లోపల పిల్ల ఏడుపు, చేతులు కడుగుతున్న చప్పుడు వినిపించాయి.

మల్లవ్వ మలారం సర్దుకుని పక్కింటికి వెళ్లింది. ఆ తలుపు అప్పటికే మూసుకుంది.

బుచ్చిరాములు బకెట్ కింద పెట్టాడు. గుడ్డ ముంచి, పిండి, శిష్యుడి చేతికిచ్చాడు.

"ఇగ ఈడ తుడువు," అన్నాడు.