లేచిపోయినవాళ్ళ చారు

పిల్లల వార్డు నుంచి ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ హైమవతికి అన్నం సయించడం లేదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. మరిచిపోతే మోగే యంత్రం ఒకటి విజయనగరంలో, కూర్మారావు మాస్టారి షెడ్డులో తయారవుతోంది. పిల్ల పొట్ట మీద అంటించిన తీగ ఊపిరి సంగతి చెబుతుంది. ఆ కబురు తెర దాకా మోసుకొచ్చే ప్రోగ్రాంని డ్రైవర్ అంటారు. అది రాసింది హైమ. ఎలా పనిచేస్తుందో చూద్దామని ఒక యంత్రాన్ని ఆసుపత్రిలో పెట్టారు.

గ్రేసమ్మ సిస్టర్ ఆ యంత్రం నుంచి ఒక పిల్ల తీగ తీసి, పక్క పిల్ల తీగ పెట్టింది. తెర మీద గీత హాయిగా లేస్తోంది, పడుతోంది. ఎందుకో ఆవిడ తెర వదిలి పిల్ల వంక చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. అరికాలి మీద వేలితో కొడితే గుక్కపట్టి ఏడ్చింది. తెర చూపిస్తున్నది అంతకుముందు పిల్ల ఊపిరి.

డాక్టరుగారు శుక్రవారం దాకా చూస్తామన్నారు. సరిచేస్తే మంచానికొక యంత్రం పెట్టుకుంటారు. లేకపోతే ఉన్న ఒక్కటీ వెనక్కి వచ్చేస్తుంది. పిల్లల్ని ఎప్పట్లాగే సిస్టర్ల కళ్ళే కాయాలి.

హైమ తను రాసిందంతా ఒకటికి పదిసార్లు చదివింది. తప్పు దొరకలేదు. తీగలోనే ఏదో ఉందంది. తీగలు చేసే లతీఫ్ ఊరుకోలేదు. ఒక పిల్ల ఊపిరి దాచిపెట్టుకుని ఇంకో పిల్ల దగ్గర తియ్యడానికి తన తీగకి అంత తెలివెక్కడిదన్నాడు.

చివరికి మాస్టారి దగ్గరికి వెళ్ళింది. హైమ ఇద్దరు పిల్లల్ని పెంచి, నలభై దాటాక మళ్ళీ పనిలోకి వచ్చిన మనిషి. ఆ షెడ్డులో ఆమెకున్న పేరు శుభ్రం. కంప్యూటరులో ఏ పనికైనా కాస్త చోటు అడిగి తీసుకోవాలి, అయ్యాక తిరిగిచ్చెయ్యాలి. చాలామంది ఇవ్వడం మరిచిపోతారు. హైమ వంటగట్టు తుడిచినట్టు వెంటనే తుడిచి ఇచ్చేస్తుంది.

"తీగ పీకిన మరుక్షణం దాని చోటు ఖాళీ చేసేస్తాను మాస్టారూ. నాకంటే తొందరగా ఎవరు చేస్తారు?"

"ఎవరూ చెయ్యరు," అని ఒప్పుకున్నారు మాస్టారు. భోజనాల వేళయింది, వడ్డన చూడమన్నారు.

ఆ షెడ్డులో అదొక అలవాటు. పనిలో చిక్కుపడినవాళ్ళు ఆ పూట వడ్డించాలి. కూర్చుని బుర్ర పీక్కోవడం కన్నా నాలుగడుగులు తిరగడం మేలని మాస్టారి ఉద్దేశం. అందరూ నేల మీద బారుగా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. చివరి విస్తరి మాస్టారిది. హైమ అన్నం పెట్టింది, కూర వేసింది. మాస్టారు చారు అడిగారు.

చారు చల్లారిపోయి ఉంది. పొయ్యి మీద పెట్టి, పొంగు వచ్చేదాకా నిలబడింది. గిన్నె పట్టుకారుతో పట్టుకుని గబగబా వచ్చింది. చూపంతా గిన్నె అంచు మీద, మనసంతా వార్డులో. చివరి విస్తరి దగ్గర వంగి, గరిటెతో పోసేసింది.

"అక్కా," అన్నాడు లతీఫ్, "పాయసంలో చారు పోసుకు తినడం మా ఇంట్లో లేదు."

హైమ తలెత్తింది. మాస్టారు గుమ్మం బయట చెయ్యి కడుక్కుంటున్నారు. ఆమె పొయ్యి దగ్గరుండగానే ఆయన లేచి, తన విస్తరి తీసేసి, కొత్తది వేసి, అప్పుడే వచ్చిన లతీఫ్‌ని అక్కడ కూర్చోబెట్టారట. అల్లరికి పాయసం కూడా ఆయనే వడ్డించారట. అందరూ నవ్వుతున్నారు. హైమకి నవ్వు రాలేదు.

"చారు అడిగింది మీరే కదా?"

"నేనే."

"అడిగి లేచిపోతే ఎలా మాస్టారూ? చారు దారిలో ఉంది. విస్తరి తీసే ముందు నన్నొక్క కేక వెయ్యద్దా? చారు వద్దు, వెనక్కి వెళ్ళు అని..."

ఆగిపోయింది.

నవ్వులు కూడా ఆగాయి. హైమ గిన్నె కిందపెట్టడం మరిచిపోయి, గోడ వంక చూస్తూ నిలబడింది. తీగ పీకేటప్పటికి, అది పంపిన కబురు ఇంకా దారిలోనే ఉంటుంది. దాన్ని వెనక్కి పిలవకుండానే తను చోటు తుడిచి ఇచ్చేస్తోంది. ఆ చోట్లో కొత్త పిల్ల వచ్చి కూర్చుంటోంది. పాత పిల్ల కబురు వచ్చి దాని విస్తట్లో పడుతోంది.

మాస్టారు వచ్చి ఆమె చేతిలోంచి గిన్నె అందుకున్నారు. మిగతా వడ్డన ఆయనే చేశారు. హైమ అప్పటికే తన బల్ల దగ్గర ఉంది.

రాసింది కొద్దిగానే. దారిలో ఉన్న కబుర్లని ముందు వెనక్కి పిలవాలి. అన్నీ వచ్చేదాకా ఆగాలి. ఆ తరవాతే చోటు ఖాళీ చెయ్యాలి. నమ్మకం కుదరడానికే పొద్దుపోయింది. ఆమె పెట్టమంటే పెడుతూ, పీకమంటే పీకుతూ లతీఫ్ వేళ్ళు వాచాయి. తన తీగల ఉసురు ఆమెకి తగిలి తీరుతుందన్నాడు.

శుక్రవారం వార్డులో, హైమా మాస్టారూ చూస్తుండగా, డాక్టరుగారు మాటా పలుకూ లేకుండా ఒక పిల్ల తీగ పీకి, వేరే పిల్ల తీగ పెట్టారు.

తెర ఖాళీ అయింది. కొన్ని క్షణాలే. పక్కన స్టూలు మీద ఉన్న బాలింత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగిపోయిందా అని అడిగింది.

గీత వచ్చింది. సన్నగా, తడబడుతూ. ఇది ఇంకెవరి ఊపిరీ కాదు, ఈ పిల్లదే. లేచింది, పడింది, లేచింది. పడి, ఇక లేవలేదు.

యంత్రం మోగింది.

వార్డంతా అదిరేలా మోగింది. పెదాల రంగు మారకముందే గ్రేసమ్మ అక్కడుంది. అరికాలి మీద ఒక్క దెబ్బ. పిల్ల ఒళ్ళంతా ఎర్రబడి, కాళ్ళు తన్నుకుంటూ కేరుమంది. గీత తెర పైఅంచుకి ఎగిరింది. ఆ కేకకి చుట్టుపక్కల పిల్లలంతా అందుకున్నారు.

మంచానికొకటి పంపించెయ్యండి అన్నారు డాక్టరుగారు. అని, ఇంతకీ తప్పెక్కడుందమ్మా అని హైమని అడిగారు.

హైమ కళ్ళు తుడుచుకుని, చెప్పడానికి నోరు తెరిచింది. మాస్టారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"తరవాత చెబుదువుగాని. ముందు దాన్ని ఏడవనివ్వమ్మా."