మంత్రిగారి ఖాళీ పల్లకి

రాజుగారికి విహారవనం కావాలని బుద్ధి పుట్టింది. స్థలం చూడ్డానికి మంత్రి చండభట్టు పల్లకిలో కొండెక్కాడు. ఎక్కింది బోయీలనుకోండి!

కొండవాలున ఒక గూడెం వాళ్ళు సాగుచేసుకునే పోడు నేల అప్పటికి పొదలు కమ్మి ఉంది.

"దున్నేవాడు లేడు, కోసేవాడు లేడు. ఖాళీ నేల!" అని మంత్రి అక్కడ రాజుగారి జెండా పాతించాడు.

"ఖాళీ కాదు దొరా, అలిసిన నేల," అంది అక్కడికొచ్చిన ఆ గూడెం ముసలి సుక్కి. "కొన్నేళ్ళు పండిస్తాం, కొన్నేళ్ళు పడుకోనిస్తాం. బలం పుంజుకున్నాక మళ్ళీ వస్తాం."

"నేల పడుకోవడమేమిటే! మనిషి కనబడకపోతే ఖాళీయే."

ఇంతలో పొద్దున మింగిన పనసతొనలు మంత్రి కడుపులో తిరుగుబాటు చేశాయి. చెంబు పట్టుకుని పొదల చాటుకు పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి సుక్కి పల్లకిలో కాళ్ళు చాపుకుని చుట్ట కాలుస్తోంది.

"దిగవే! అది నా పల్లకి!"

"మనిషి కనబడలేదు దొరా. ఖాళీ అనుకున్నా."

"ఖాళీ ఏమిటి? బోయీలు అలిసిపోతే దింపించాను. మళ్ళీ ఎక్కడానికేగా వచ్చాను! కాసేపు దిగినంత మాత్రాన నాది కాకుండా పోతుందా?"

అన్న మాట తన చెవినే పడి మంత్రి నాలిక కరుచుకున్నాడు. బోయీలు నవ్వు దాచుకోడానికి ముఖాలు తిప్పుకున్నారు.

"ఎందుకు పోతుంది దొరా!" అంటూ సుక్కి తాపీగా దిగింది. "నేను దిగాను. ఇక మీ జెండా దిగడమే తరువాయి."

మంత్రి జెండా పీకి, "లేవండ్రా!" అని బోయీలను కసిరాడు.

"ఇంకా అలుపు తీరలేదు ప్రభూ," అన్నారు వాళ్ళు.

జెండా భుజాన వేసుకుని మంత్రే కాలినడకన కొండ దిగాడు.