లింగమూర్తి ఆగిన బండ

నడుస్తుంటే నొప్పి వస్తే ఓర్చుకోవాలా, ఆగాలా అని భుజంగరావు అడిగాడు. అడిగింది విరూపాక్షయ్యగారిని. మా ఊరికి ఆరు మైళ్ళ దూరాన, కొండ కింద ఆయన చిన్న ఆశ్రమం నడిపేవారు. భుజంగరావు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. ఒంట్లో చక్కెర ఉంది, రోజూ నడవమని డాక్టరు చెబితే, ఎలాగూ నడవాలి గనక పుణ్యం కూడా వస్తుందని ఆశ్రమంలో చేరాడు. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే గార్డులు ఎంత చిరాకుపడతారో నాకు తెలుసు, మా మేనమామ కూడా ఆ ఉద్యోగమే చేశాడు. తన కాలు మొరాయించినా భుజంగరావుకు అంత చిరాకూ వచ్చేది.

"ఎడమ పిక్క, గురువుగారూ. గోశాల దాటానో లేదో ఎవరో పట్టుకుని పిండుతున్నట్టు ఉంటుంది. కాసేపు నిలబడితే ఏమీ ఉండదు. శరీరం గొడవ పట్టించుకోవద్దని మీరే అంటారుగా. పళ్ళు బిగబట్టి నడిచేస్తున్నాను."

మబ్బు పట్టిన సాయంత్రం. అరుగు మీద మేం నలుగురం ఉన్నాం. గురువుగారు భుజంగరావు పిక్క వైపు చూశారు. తర్వాత, "నీకు లింగమూర్తి సంగతి తెలియదు కదూ" అన్నారు. ఆయన చెప్పినది గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

ఆశ్రమంలో ఒక నియమం ఉండేది. తెల్లవారుజామున అందరూ వరసగా, చెప్పులు లేకుండా, కొండ చుట్టూ తిరిగి రావాలి. తిరిగి వచ్చేదాకా ఎవరూ మాట్లాడకూడదు. లింగమూర్తి సర్వే శాఖలో చేసి వచ్చినవాడు. జీవితమంతా పొలాలు కొలిచిన మనిషి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. ముప్ఫై ఏళ్ళు విడవకుండా చుట్టలు కాల్చి, ఆశ్రమానికి వచ్చాక మానేశాడు.

ఒకరోజు ఆయన దారి పక్కన ఒక నల్లబండ దగ్గర ఆగిపోయాడు. బండ మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మౌనం గనక ఎవరూ ఏమిటని అడగలేదు. చూసినవాళ్ళు తామూ ఆగి చేతులు జోడించారు. మర్నాడూ ఆయన అక్కడే ఆగాడు. నాలుగో రోజుకు మాణిక్యమ్మ అనే ఆవిడ బండ మీద మందారం పెట్టింది. వారం తిరిగేసరికి కుంకుమ బొట్లు వెలిశాయి.

నేను బి.ఏ. చదివే రోజుల్లో తర్కశాస్త్రం చెప్పే లెక్చరరు ఒకాయన, రెండు పనులు పక్కపక్కన జరిగినంత మాత్రాన ఒకదాని వల్ల ఇంకొకటి జరిగిందనుకోకండర్రా అని గొంతు పోయేలా అరిచేవాడు. మేం రాసుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. కొండ చుట్టూ నడిచే ఆ వరసలోనూ చదువుకున్నవాళ్ళు కనీసం అరడజను మంది ఉన్నారు.

కొన్ని నెలలకు లింగమూర్తి ఆ బండ దాకా రాకుండానే, ఇవతల మైలురాయి దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. మైలురాయికీ పసుపు రాశారు. ఇంకొన్నాళ్ళకు ఇంకా ఇవతల, ఒక తుమ్మచెట్టు దగ్గర ఆగాడు. ఆ రోజు నడక అయ్యాక కాళ్ళు కడుక్కుంటూ ఎవరో పరాచికమాడారు.

"ఏమండీ లింగమూర్తిగారూ, దేవుడు రోజురోజుకీ మన ఆశ్రమం వైపు జరుగుతున్నట్టున్నాడే!"

"ముసలివాణ్ణని నామీద జాలి, నాయనా" అన్నాడు లింగమూర్తి. అందరితో పాటు తనూ నవ్వాడు.

ఆ వేసవిలో కుడికాలి బొటనవేలికి రాయి కోసుకుంది. చిన్న గాయం. అది మానలేదు. పసుపు పెట్టారు, ఆకు పసరు పోశారు. వేలు నల్లబడ్డాక పట్నం తీసుకువెళ్ళారు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

డాక్టరు కుర్రవాడే గానీ నెమ్మదస్తుడు. "కాలికి నెత్తురు సరిగ్గా అందక వచ్చే నొప్పి ఇది" అన్నాడట. "నడిస్తే పట్టేస్తుంది, నిలబడితే వదిలేస్తుంది. నడవగలిగే దూరం తగ్గిపోతోందంటే ఆలస్యం చెయ్యకూడదు. ముందే వచ్చి ఉంటే మందులిచ్చి, నొప్పి పుట్టేదాకా నడువు, ఆగు, తగ్గాక మళ్ళీ నడువు అని చెప్పి పంపేవాణ్ణి. నడక మాన్పించేవాణ్ణి కూడా కాదు."

గురువుగారు మంచం పక్కన కూర్చుని, "ఒక్క మాట చెప్పలేకపోయావా?" అని అడిగారట.

లింగమూర్తి గోడవైపు చూస్తూ చెప్పాడు. "మొదట్లో సిగ్గేసింది. ఆడవాళ్ళు కూడా ఆగకుండా నడుస్తున్నారాయె. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఈలోగా ఆవిడ పువ్వు పెట్టేసింది. పువ్వు పెట్టాక ఇంకేం చెప్పను, గురువుగారూ? మొదట రెండువేల నాలుగువందల అడుగులు పడేవి. చివరికి మూడువందలు. నేను లెక్క తప్పలేదు."

ఆరు నెలలకు ఆయన పోయాడు. పోయేదాకా అరుగు మీద కూర్చుని, నడకకు వెళ్ళేవాళ్ళను చూసేవాడట. వాళ్ళు బండ దగ్గరా, మైలురాయి దగ్గరా, తుమ్మచెట్టు దగ్గరా ఆగి మొక్కి వచ్చేవాళ్ళు. ఆగనివాణ్ణి తప్పు పట్టేవాళ్ళు కూడా.

గురువుగారు చెప్పడం ఆపారు. భుజంగరావు తెలియకుండానే ఎడమకాలు దగ్గరికి లాక్కుని, పిక్క మీద చెయ్యి వేసుకున్నాడు. గురువుగారిని ఊరడించినట్టుగా, "పాపం, ఎవరికీ తెలియలేదన్నమాట" అన్నాడు.

"రేపు పొద్దున నడకకు రావద్దు. మొదటి బస్సుకు పట్నం వెళ్ళు" అన్నారు గురువుగారు. లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"వరసలో ముందు నడిచేది నేను. మొదటి రోజు ఆయన ఆగితే వెనక్కి తిరిగి చూసిందీ నేనే. ముఖంలో నొప్పి స్పష్టంగా కనిపించింది, భుజంగరావూ. చూశాకే కళ్ళు మూసుకుని దండం పెట్టాను."